నాగులేరు ల్యాబులో తిరగని మోటారు

మాచర్లలో సాగర్ రోడ్డు మీద అమ్జద్‌కి మోటార్ వైండింగ్ షాపు ఉంది. ఎండాకాలం వచ్చిందంటే చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కాలిపోయిన మోటార్లు ఆటోల్లో, ట్రాక్టర్లలో వచ్చి షాపు ముందు వరసగా పడి ఉంటాయి. ఖదీజా ఆయన పెద్ద కూతురు. చిన్నప్పటి నుంచి ఒకచోట కుదురుగా కూర్చునే పిల్ల కాదు. బళ్ళో టీచర్లు బెంచీలు మార్చి మార్చి విసిగిపోయారు. ఇంట్లో అన్నం తింటూ కూడా రెండుసార్లు లేచి తిరిగేది. ఆ తిరుగుడు భరించలేక తల్లి మహమూదా సెలవు రోజుల్లో ఆమెను షాపుకు తరిమేది.

అక్కడ మాత్రం కూర్చునేది. రాగి తీగ చుట్లు లెక్కపెట్టేది, స్లాట్లలో కాగితం మడిచి దోపేది, వార్నిష్ ఆరిందో లేదో గోటితో గీసి చూసేది. పదో తరగతికి వచ్చేసరికి మోటారు మూత తీయగానే ఏ కాయిల్ కాలిందో వాసన పట్టి చెప్పేది. వచ్చిన రైతులు మొదట్లో నవ్వేవాళ్ళు. తర్వాత తర్వాత, "పాప ఉందా?" అని అడిగి మరీ మోటారు దించేవాళ్ళు.

పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి, ఈసెట్ రాస్తే మంచి ర్యాంకు వచ్చింది. 2021లో నరసరావుపేట అవతల, వినుకొండ రోడ్డు మీద ఉన్న నాగులేరు యూనివర్సిటీలో నేరుగా ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో సీటు దొరికింది. చేర్చడానికి వెళ్ళినప్పుడు అమ్జద్ ఆరంతస్తుల అద్దాల బిల్డింగును కింది నుంచి పైదాకా చూసి, ఇంత పెద్ద కాలేజీలో మిషన్లు ఎంత పెద్దవి ఉంటాయోనని కూతురితో అన్నాడు. అదే ఆలోచన ఆమెకూ ఉంది. మొదటి వారమంతా ల్యాబ్ ఎప్పుడని టైంటేబుల్ వంకే చూసుకుంది.

ఆ యూనివర్సిటీలో బతుకు వేలిముద్రతో మొదలవుతుంది. పొద్దున తొమ్మిదింటికి మిషన్ మీద వేలు పెట్టాలి. ఒక్క నిమిషం దాటితే సగం రోజు ఆబ్సెంట్. చివరి క్లాసు నాలుగూ యాభైకి వదులుతారు, లైబ్రరీ ఐదింటికి మూస్తారు. సాయంత్రం ఆరింటికి అమ్మాయిల హాస్టల్ గేటు పడుతుంది, అబ్బాయిల గేటు మాత్రం తొమ్మిది దాకా తెరిచే ఉంటుంది. నరసరావుపేట వెళ్ళి చెప్పులు కొనుక్కోవాలన్నా ఇంటి నుంచి ఫోన్ రావాలి, అదీ అడ్మిషన్ ఫారంలో రాసిన నంబరు నుంచే. పాఠాలు చెప్పాల్సిన సార్లలో సగం మందిని వేసవి నుంచి ఆగస్టు దాకా ఊళ్ళ మీదికి పంపుతారు, కొత్త అడ్మిషన్లు తెమ్మని. వాళ్ళు వచ్చేసరికి మిడ్ పరీక్షలు వచ్చేస్తాయి. నాలుగు యూనిట్లు నాలుగు రోజుల్లో స్లైడుల మీద పరిగెత్తిస్తారు.

ఖదీజాకు ఇవేవీ మింగుడు పడలేదు. హాస్టల్ వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తూనే ఉండేది. ఆమె రూమ్మేట్ సాయిసాత్విక సత్తెనపల్లి బట్టల వ్యాపారుల ఇంటి పిల్ల. అచ్చు వేసినట్టు రాసే చేయి, ఏ మేడమ్‌తోనూ మాట పడని నెమ్మది. "కాసేపు కూర్చోవే, చూస్తంటేనే నాకు కళ్ళు తిరుగుతన్నయ్" అనేది. ఈమె కూర్చునేది, రెండు నిమిషాల్లో మళ్ళీ లేచేది.

చివరికి ల్యాబ్ వచ్చింది. పెద్ద హాలు, ఆరు బల్లలు, ఒక్కోదాని మీద ఒక్కో యంత్రం. రెండు తిరుగుతాయి. మిగతావాటి మీద నీలం కవర్లు కప్పి ఉంటాయి. అరవై మంది పిల్లలు గోడ వెంట నిలబడితే ల్యాబ్ చెప్పే చక్రధర్ సార్ దూరం నుంచి చూపిస్తూ ఏది ఏమిటో చెప్పి, ముట్టుకోవద్దని హెచ్చరించాడు. అక్కడ చేయాల్సిన పని రికార్డు రాయడం. సీనియర్ల రికార్డులు గేటు ఎదురుగా జిరాక్స్ షాపులో దొరుకుతాయి. అందులోని రీడింగులే ఏటేటా చేతులు మారుతాయి. ఒక ఏడాది ఎవరో ఒక అంకె తప్పు చూసి రాశారట, ఆ తప్పు కూడా నాలుగేళ్ళుగా అలాగే వస్తోంది.

ల్యాబ్ తాళాలు పున్నారావు దగ్గర ఉండేవి. నాదెండ్ల మనిషి, ఇరవై ఏళ్ళకు పైగా అక్కడే ల్యాబ్ అసిస్టెంటు. రోజూ బస్సులో వచ్చి పోయేవాడు. పిల్లలందరూ బాబాయ్ అని పిలిచేవాళ్ళు. పెద్దగా మాట్లాడడు, కానీ ఖదీజా నాలుగో బల్ల మీది కవరు ఎత్తి మోటారును వాసన చూడడం గమనించి దగ్గరికొచ్చాడు. ఎవరి పిల్లవని అడిగాడు. మాచర్ల, వైండింగ్ షాపు అనగానే ఆయన ముఖం మారింది. ఆ మోటారు రెండేళ్ళ క్రితం ఆగిపోయిందని, బాగు చేయించమని తాను మూడుసార్లు రాసి ఇచ్చినా ఫైలు ఎక్కడికి పోయిందో తెలియదని చెప్పాడు. ఆ రోజు నుంచి ల్యాబ్ ఉన్నప్పుడల్లా ఇద్దరూ ఆ బల్ల దగ్గర ఒక పది నిమిషాలు నిలబడేవాళ్ళు.

మూడో సంవత్సరం మొదటి సెమిస్టర్ మధ్యలో, నవంబరులో, గుర్తింపు కోసం పైనుంచి తనిఖీ బృందం వస్తుందని కబురొచ్చింది. యూనివర్సిటీ ఒక్కసారిగా ఉలిక్కిపడి లేచింది. గోడలకు రంగులేశారు, ఎండిన గడ్డి మీద కొత్త గడ్డి పరిచారు. క్లాసులు ఆపేసి అందరి చేత రికార్డులు రాయించారు. నాలుగో బల్ల మోటారు మీద లోడ్ టెస్ట్ చేసినట్టు, ఫలానా రోజు రీడింగులు తీసినట్టు అందరూ రాసి సంతకాలు పెట్టించుకోవాలి.

ఖదీజా ఆ పేజీలో బొమ్మ గీసింది, కనెక్షన్లు గీసింది, టేబుల్ గీసింది. అంకెలు వేయాల్సిన చోట, "మోటారు పనిచేయడం లేదు. రీడింగులు తీసుకోలేదు" అని రాసింది.

చక్రధర్ సార్ స్టాఫ్ రూముకు పిలిచాడు. ముప్పై దాటని మనిషి. బల్ల మీద తనవైపు ఒక రికార్డుల గుట్ట, అవతల ఇంకో గుట్ట. ఆ పేజీ తీసి ఆమె ముందు పెట్టాడు.

"ఏందిది?"

"నిజం, సార్."

"నిజమని నాకూ తెలుసమ్మా. రేపు వాళ్ళు వచ్చి ర్యాండమ్‌గా నీ రికార్డే తీస్తే ఏమవుద్దో తెలుసా? ముందు నా ఉద్యోగం పోద్ది."

"తీయని రీడింగులు తీశామని ఎట్లా రాయమంటారు సార్? ఆ మోటారు నేను బాగు చేస్తా. ఒక్క రెండు రోజులు ల్యాబ్ ఇప్పించండి."

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. యూనివర్సిటీ ఆస్తి మీద స్టూడెంట్ చేయి వేయడానికి ఎవరూ ఒప్పుకోరని, వారం గడువు ఇస్తున్నానని, ఈలోగా పేజీ మార్చి తెమ్మని చెప్పాడు. బయటికి వచ్చేటప్పుడు ఆమెకు ఆయన మీద కోపం రాలేదు. అదే ఆమెను మరింత కలవరపెట్టింది. ఎవరి మీదైనా కోపం వచ్చి ఉంటే కాస్త నిలకడగా ఉండేది.

సాయంత్రం ల్యాబ్ మూసే వేళకు పున్నారావు దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పింది. ఆయన తాళాల గుత్తిని చేతిలో అటూ ఇటూ తిప్పాడు. తర్వాత నెమ్మదిగా, "రెండో శనివారం, ఆదివారం ఇక్కడ పిట్ట కూడా ఉండదు. మీ నాన్నను రమ్మను. నేను తలుపు తీస్తా" అన్నాడు.

"బాబాయ్, మీకేమన్నా అవుద్దేమో."

"ఏమవుద్ది. నాకింకా రెండేళ్ళ సర్వీసే ఉంది. మూడేళ్ళ నుంచి దాని మీద దుమ్ము తుడవటమే అయింది నా పని. ఒకసారి తిరిగితే చూడాలనుంది."

డిసెంబరు రెండో శనివారం అమ్జద్ మాచర్ల నుంచి మొదటి బస్సుకు వచ్చాడు. గేటు దగ్గర విజిటర్ల పుస్తకంలో పేరు రాసి, సంతకం పెట్టి, కూతుర్ని చూడడానికి అని రాశాడు. సంచిలో పనిముట్లు, రాగి తీగ, కొత్త బేరింగులు ఉన్నాయి. పున్నారావు ల్యాబ్ తలుపు తీశాడు. ముగ్గురూ కలిసి మోటారు విప్పారు. బేరింగు బిగుసుకుపోయింది, రెండు కాయిళ్ళు కాలాయి, అంతే. అంత చిన్న జబ్బుకు మూడేళ్ళు కవరు కప్పి ఉంచారని అమ్జద్ ముక్కున వేలేసుకున్నాడు. ఖదీజా కాయిళ్ళు చుట్టింది, తండ్రి వాటిని స్లాట్లలోకి దింపాడు, పున్నారావు టార్చి పట్టుకుని నిలబడ్డాడు. మధ్యాహ్నం ఆయన తెచ్చిన గోంగూర అన్నం ముగ్గురూ తిన్నారు. వార్నిష్ ఆరేవరకు ఆగి, అమ్జద్ నరసరావుపేటలో బంధువుల ఇంట్లో ఉండి, ఆదివారం మళ్ళీ వచ్చాడు. మోటారు బిగించి స్విచ్ వేశారు. మొదట మూలిగింది. తర్వాత ఒకే స్వరంతో తిరిగింది. పున్నారావు దాని పక్కన అరచేయి పెట్టి, వేడెక్కుతోందేమోనని కాసేపు అలాగే ఉంచాడు. అసలు ఆపబుద్ధి కాలేదు వాళ్ళకు.

సోమవారం ల్యాబ్ అవర్‌లో ఖదీజా కవరు తీసి స్విచ్ వేస్తే గోడ వెంట ఉన్న అరవై మంది గబగబా బల్ల చుట్టూ చేరారు. సాయిసాత్విక పెన్ను తీసి మొదటి రీడింగు రాసుకుంటుండగా చక్రధర్ సార్ వచ్చాడు. ఆయన ముఖంలో ముందు సంతోషమే కనిపించింది. తర్వాత ఎవరు చేశారని అడిగాడు, తానూ తండ్రీ అని ఖదీజా చెప్పాక స్విచ్ ఆపేయమన్నాడు.

మధ్యాహ్నానికి విషయం హెచ్ఓడీ ప్రేమలత మేడమ్ దాకా పోయింది. ఆమెకు మోటారు తిరిగిందన్న మాట కంటే బయటి మనిషి ల్యాబులోకి వచ్చాడన్న మాటే ముందు వినిపించింది. తనిఖీకి పది రోజులు కూడా లేదు. విజిటర్ల పుస్తకం, కెమెరా రికార్డింగ్ తెప్పించారు. ల్యాబ్ లోపల కెమెరా లేదు, వరండాలో ఉన్నది శనివారం పనిచేయలేదు. అందుకని తలుపు ఎవరు తీశారన్నది తేల్చడానికి ముగ్గురితో విచారణ కమిటీ వేశారు. పున్నారావుకు మెమో ఇచ్చారు. రెండు రోజుల్లో జవాబు ఇవ్వాలి, తాళం ఇచ్చినట్టు తేలితే ఉద్యోగం నుంచి తీసేస్తామని అందులో రాశారు.

పున్నారావు ఆ రోజు ల్యాబులోనే కనిపించాడు. బల్లలు తుడుస్తున్నాడు. తలుపు తానే తీశానని రాసిచ్చేస్తానని, మెమో సంగతి అడిగిన ఖదీజాకు చెప్పాడు. గొంతులో భయం లేదు గానీ, తుడిచిన బల్లనే మళ్ళీ తుడుస్తున్నాడు.

ఆమె హాస్టల్‌కు వచ్చి కాగితం తీసుకుంది. శుక్రవారం భోజనాల వేళ పున్నారావు లేనప్పుడు డ్రాయర్‌లో నుంచి తాళం తానే తీసుకున్నానని, ఆయనకు ఏమీ తెలియదని, తండ్రికి కూడా అనుమతి ఉందని అబద్ధం చెప్పి పిలిపించానని రాసింది. వెనక నుంచి సాయిసాత్విక చదివింది.

"రెండు అంకెలు అబద్ధం రాయనన్నావు. ఇప్పుడు పేజీ మొత్తం రాస్తన్నావు."

"ఆ అంకెలు రాయకపోతే పోయేది నా మార్కులే. ఇది రాయకపోతే ఆయన పోతాడు."

"నువ్వు పోతావే మరి."

ఖదీజా కాగితం మడిచి, చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా ఆఫీసుకు పరిగెత్తింది. మర్నాటికి ఆగితే తనకే మనసు మారుతుందేమోనన్న భయం.

పున్నారావు జవాబు కంటే ఆమె కాగితం ముందు చేరింది. కమిటీకి అది చాలు. మెమో మీద "తాళాల భద్రతలో నిర్లక్ష్యం" అని రాసి, మందలింపుతో ఆయన్ని వదిలేశారు. ఖదీజాను ఆ సెమిస్టర్ పరీక్షలు రాయనివ్వకుండా డీటెయిన్ చేశారు. ఐదో సెమిస్టర్ ఏడాదికి ఒక్కసారే నడుస్తుంది కాబట్టి ఒక సెమిస్టర్ అంటే ఏడాది పోయినట్టే.

అమ్జద్ వచ్చి పెట్టె, పరుపు బస్సెక్కించాడు. దాచేపల్లి దగ్గర నెమ్మదిగా, "గేటు కాడ పేరు రాసి సంతకం పెట్టి లోపలికొచ్చిన మనిషినే నేను. ఇప్పుడు నీ కాగితంలో మోసపోయి దొంగతనంగా వచ్చినోడినయ్యా" అన్నాడు. ఆ సంగతి ఆమెకు అప్పటిదాకా తోచనే లేదు. పున్నారావును కాపాడాలనుకుంది గానీ తన తండ్రిని ఆ కాగితంలో ఎక్కడ నిలబెట్టిందో చూసుకోలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చుంది. పిడుగురాళ్ళ సున్నపు బట్టీల తెల్లదుమ్ము పట్టిన చెట్లు ఎప్పుడో వెనకబడిపోయాయి.

తనిఖీ బృందం వచ్చి వెళ్ళిన సాయంత్రం సాయిసాత్విక ఫోన్ చేసింది. నాలుగో బల్ల మోటారునే వాళ్ళకు నడిపి చూపించారట. ప్రేమలత మేడమ్ స్వయంగా స్విచ్ వేసిందట. వచ్చిన పెద్దమనిషి నిర్వహణ బాగుందని రాసుకున్నాడట. ఖదీజా ఫోన్ పెట్టేసి, షాపులోంచి బయటికి వచ్చి రోడ్డు వెంట చెన్నకేశవస్వామి గుడి దాకా నడిచి, మళ్ళీ వెనక్కి నడిచి వచ్చింది. తండ్రి ఏమైందని అడిగితే ఏమీ లేదంది.

ఆ ఏడాది ఆమె షాపులో పని చేసింది. వేసవిలో వచ్చిన మోటార్లన్నీ చుట్టింది. ఇదివరకు ఆ పనిలో దొరికిన కుదురు మాత్రం దొరకలేదు. చుట్లు లెక్కపెడుతూ మధ్యలో లెక్క తప్పేది, విప్పి మళ్ళీ మొదలుపెట్టేది. క్లాసు వాట్సాప్ గ్రూపులో పిల్లలు ప్రాజెక్టుల గురించి, ఇంటర్న్‌షిప్‌ల గురించి మాట్లాడుకుంటుంటే చదివేది, గ్రూపులోంచి బయటికి వచ్చేసేది, నాలుగు రోజులకు మళ్ళీ చేర్చమని సాయిసాత్వికను అడిగేది. మహమూదాకు కూతుర్ని చూస్తే దిగులు. ఇక చదువు మానేస్తుందేమోనని ఒక రోజు అడిగేసింది. మానను, కానీ ఆ గేటు మళ్ళీ దాటాలనిపించడం లేదని ఖదీజా చెప్పింది.

జులైలో వెళ్ళింది. తనకంటే చిన్నవాళ్ళ మధ్య అదే ఐదో సెమిస్టర్, అవే స్లైడులు. ల్యాబులో అడుగుపెట్టగానే పున్నారావు కోసం చూసింది. ఆయన తలెత్తి చూసి, హాజరు పట్టీ అందించి, పక్కకు వెళ్ళిపోయాడు. తర్వాతి వారమూ అంతే. బాబాయ్ అని పిలిస్తే, "చెప్పమ్మా" అని పనిలో ఉన్నట్టు నిలబడేవాడు. నాలుగో వారం అందరూ వెళ్ళాక ఆమె తలుపు దగ్గర ఆగిపోయింది. తన మీద కోపమెందుకో చెప్పమని అడిగింది.

"కోపం కాదమ్మా" అన్నాడు పున్నారావు. "ఇన్నేళ్ళ నౌకరీలో నా అంతట నేను చేసిన పని ఒక్కటుంది. ఆ తలుపు తీయటం. అది నేను చెయ్యలేదని రాసిచ్చావు. ఇప్పుడు నేను తాళాలు ఎక్కడపడితే అక్కడ వదిలేసే మనిషిని. ఫైల్లో అట్లాగే ఉంది."

"ఉద్యోగం పోయేది బాబాయ్."

"పోయేదే. నన్నొక మాట అడగాల్సింది."

ఆ మాట ఆమెను మిగిలిన రెండేళ్ళూ వదల్లేదు. నిజం చెప్పేస్తే ఆయన ఉద్యోగానికి ప్రమాదం. చెప్పకపోతే ఆయన అలాగే ఫైల్లో ఉండిపోతాడు. క్లాసులో, మెస్సులో, వరండా నడకలో అదే తిరిగింది. 2024 చివర్లో పున్నారావు రిటైర్ అయ్యాడు. డిపార్ట్‌మెంటులో శాలువా కప్పి, కేకు కోయించి పంపారు. ఆ రోజు ఖదీజాకు ప్లేస్‌మెంట్ ట్రైనింగ్ ఉంది, మధ్యలో బయటికి పంపలేదు. కిందికి వచ్చేసరికి ఆయన బస్సు వెళ్ళిపోయింది.

2025 వేసవిలో కోర్సు అయిపోయింది. క్యాంపస్ ఇంటర్వ్యూలు రెండింటిలో ఆ ఏడాది ఖాళీ ఎందుకని అడిగారు. ఒకదాంట్లో అనారోగ్యం అంది. రెండోదాంట్లో ఆ మాట నోటికి రాక, పెద్ద కథండీ అని ఊరుకుంది. రెండు ఉద్యోగాలూ రాలేదు. తర్వాత నరసరావుపేటలో పెద్ద పంపుసెట్ల సర్వీసు చేసే ఒక సంస్థలో ఆమె చేతి పని చూసి తీసుకున్నారు. ఎత్తిపోతల పథకాల దగ్గరికి జీపులో వెళ్ళి మోటార్లు చూసి రావడం పని. ఒకచోట కూర్చోవాల్సిన అవసరం లేదు.

సర్టిఫికెట్లు చేతికి వచ్చిన రోజు ఆమె ముందే రాసి పెట్టుకున్న ఉత్తరం ప్రేమలత మేడమ్‌కు ఇచ్చింది. తలుపు తీసింది పున్నారావేనని, తాను ఇచ్చిన కాగితం అబద్ధమని, ఆయన తాళాలు ఎన్నడూ నిర్లక్ష్యం చేయలేదని, తన తండ్రి నిజం తెలిసే వచ్చాడని అందులో ఉంది. మేడమ్ పూర్తిగా చదివింది. కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టింది.

"ఆయన రిటైరయ్యాడు. నీ చదువు అయిపోయింది. ఇప్పుడు దీంతో నన్నేం చేయమంటావు?"

"ఆ ఫైల్లో పెట్టించండి మేడమ్."

పెడతాననలేదు, పెట్టననలేదు. ఉత్తరాన్ని బల్ల మీది కాగితాల కింద పెట్టి, ఆల్ ది బెస్ట్ అంది. అది ఫైల్లో చేరిందో లేదో ఖదీజాకు ఈనాటికీ తెలియదు. ఇంటికి వెళ్ళి తండ్రికి చెబితే, ఆయన ఉత్తరం నకలు చేతిలోకి తీసుకుని తన పేరున్న వాక్యం దగ్గర వేలు పెట్టి ఆగాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర చాలా రోజుల తర్వాత ఆ రెండు రోజుల పని గురించి మహమూదాకు వివరంగా చెప్పాడు.

మరుసటి ఆదివారం ఇంకో నకలు తీసుకుని నాదెండ్ల వెళ్ళింది. పున్నారావు ఇంటి ముందు వసారాలో కూర్చుని ఉన్నాడు. కొద్దిగా చిక్కాడు. ఆమె కాగితం ఇస్తే లోపలికి కేకేసి కళ్ళజోడు తెప్పించుకున్నాడు. ఒకసారి చదివాడు, మళ్ళీ మొదటి నుంచి చదివాడు. ఖదీజా ఆగలేక లేచి వసారాలో రెండడుగులు వేసింది.

"ఇక్కడ తప్పు రాశావమ్మా" అన్నాడాయన. "మోటారు ఆగి అప్పటికి మూడేళ్ళయిందని ఉంది. మూడేళ్ళ నాలుగు నెలలు. నేను మొదటి అర్జీ పెట్టిన తారీకు నాకు గుర్తుంది."

పెన్ను అడిగి తన చేత్తోనే దిద్దాడు. దిద్దినచోట పక్కన సంతకం పెట్టాడు. భార్యను పిలిచి, మాచర్ల అమ్మాయి వచ్చింది, ఆ రోజు మోటారు తిప్పిన పిల్ల, తలుపు నేనే తీశానని చెప్పాను కదా అన్నాడు. అవును, చెప్పాడంది భార్య. ఎన్నిసార్లు చెప్పాడో కూడా చెప్పింది.

టీ వచ్చేలోగా ఖదీజా ఫోను మోగింది. మాచవరం దగ్గర ఎత్తిపోతల పంపు ఆగిపోయిందట, పైరుకు నీళ్ళు లేవట, వెంటనే రావాలట. ఆమె వెళ్ళాలా వద్దా అని తటపటాయిస్తుంటే పున్నారావు ఏ హార్స్‌పవరని అడిగాడు. చెప్పింది. బేరింగు ముందు చూడమన్నాడు. ఆమె నిలబడే టీ తాగి, నరసరావుపేట బస్సు కోసం రోడ్డు మీదికి నడిచింది.